రానొల్లరు, రాలేడు: దేవుని నిర్ణయం, మనిషి ఇష్టం

గుంటూరులో యవ్వనస్థుల కూటమైనా, విజయవాడలో ఏ మేడ మీదో షామియానా కింద పెట్టుకునే కాటేజీ ప్రార్థనైనా, ప్రశ్నలు అడగమంటే మూడోదో నాలుగోదో ఇదే వస్తుంది: "ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే నిర్ణయించేస్తే ఇక నేను నమ్మడమేంటి, నమ్మకపోవడమేంటి?" జవాబు చెప్పేవారిలో ఒకరు రోమా 9 తెరిచి కుమ్మరినీ మట్టినీ చూపిస్తారు. మరొకరు యెహోషువ 24 తెరిచి "నేడు మీరు కోరుకొనుడి" అని చదువుతారు. ఇద్దరి దగ్గరా వచనాలకు కొదవ లేదు. అడిగినవాడు మాత్రం వచ్చినచోటే ఉండిపోతాడు.

మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే ముడిలో పడిపోవడం వల్ల వచ్చిన తంటా ఇది. దేవుడు ముందుగా నిర్ణయించింది దేన్ని? పాపంలో ఉన్న మనిషి ఇష్టానికి ఎంత శక్తి ఉంది? దేవుడికి ముందే తెలియడం, ముందే నిర్ణయించడం ఒకటేనా? ఈ మూడింటినీ విడదీస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. మిగతా సగం నిజమైన విభేదం. అది 1600 ఏళ్లుగా ఉంది, ఇంకా ఉంటుంది.

తలరాత అనే చెవితో వినడం

"ముందుగా నిర్ణయించెను" అని చదవగానే మన మనసు ఇంట్లో వాడే మాట కోసం తడుముకుంటుంది. దొరికేది తలరాత. సంబంధం తప్పిపోయినా, పోటీ పరీక్షలో ఒక్క మార్కుతో ఉద్యోగం పోయినా, యార్డుకు చేరేసరికి మిర్చి రేటు పడిపోయినా "రాసిపెట్టి ఉంది" అంటాం. బాప్తిస్మం తీసుకుని ముప్పై ఏళ్లైనవారి నోట కూడా అదే మాట వస్తుంది, కాకపోతే "దేవుని చిత్తం" అనే కొత్త చొక్కా తొడుక్కుని.

పౌలు వాడిన గ్రీకు క్రియ ప్రోఓరిజో. హద్దు గీయడం అనే అర్థమున్న హోరిజోకి "ముందుగా" చేరితే వచ్చిన మాట. కొత్త నిబంధన మొత్తంలో ఇది ఆరుసార్లే కనిపిస్తుంది: అపొస్తలుల కార్యములు 4:28, రోమా 8:29, 8:30, 1 కొరింథీ 2:7, ఎఫెసీ 1:5, 1:11. కార్యములలోది క్రీస్తు సిలువ గురించి. కొరింథీలోది దేవుని జ్ఞానం గురించి. అక్కడ మన తెలుగు బైబిల్లో "నియమించెను" అని ఉంటుంది కాబట్టి అది అదే మాట అని పోల్చుకోవడం కష్టం. మిగిలిన నాలుగు చోట్లా మనుషుల గురించే. నాలుగింటిలోనూ ఆ నిర్ణయం ఎక్కడికి చేరుస్తుందో చూడండి: కుమారునితో సారూప్యం, మహిమ, దత్తపుత్రత్వం, స్వాస్థ్యం. పెళ్లి ఎవరితో, ఉద్యోగం ఎక్కడ, చావు ఏ రోజు అన్న సంగతులు ఈ ఆరింటిలో ఎక్కడా లేవు.

ఇక్కడ తెలిసినవారు వెంటనే కీర్తన 139:16 తీస్తారు. నా దినాలన్నీ ఒక్కటైనా రాకముందే నీ గ్రంథంలో లిఖితమయ్యాయి అంటాడు కీర్తనకారుడు. నిజమే, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. అయితే అది దేవుని ఏలుబడి, సంరక్షణ అనే పాఠం. పిచ్చుక నేల రాలడం కూడా తండ్రికి తెలియకుండా జరగదు అనే మత్తయి 10:29 దాని పక్కన కూర్చుంటుంది. ప్రెస్బిటీరియన్ సంఘాలు పాటించే వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం కూడా నిత్య సంకల్పాన్ని మూడో అధ్యాయంలో, దేవుని ఏలుబడిని ఐదో అధ్యాయంలో విడివిడిగానే పెట్టింది. పైగా ఆ ఏలుబడి కూడా తలరాతలా పనిచేయదు. 2 రాజులు 20లో నువ్వు బతకవు, ఇల్లు చక్కబెట్టుకో అని యెషయా హిజ్కియాకు చెప్పి బయటికి నడిచాడు. నడి ముంగిలి దాటకముందే వెనక్కి రావాల్సి వచ్చింది: నీ కన్నీళ్లు చూశాను, 15 ఏళ్లు కలుపుతున్నాను అని. నుదుటి రాతకు చెవులుండవు, ఏడిస్తే వినదు. ఇక్కడ మాట ఇచ్చినవాడు వింటున్నాడు.

ఇంకో తేడా దీనికన్నా లోతైనది. మన వాడుకలో తలరాత వెనుక కర్మ ఉంటుంది. ఎప్పుడో చేసుకున్నదాని ఫలం. అంటే లెక్క క్రియల మీదే నడుస్తుంది. రోమా 9:11లో పౌలు సరిగ్గా దీనికి ఎదురు చెబుతాడు. యాకోబు, ఏశావు అనే పిల్లలింకా పుట్టలేదు, మేలుగానీ కీడుగానీ చేయలేదు, అయినా ఏర్పాటు, అంటే దేవుడు ఎంచుకోవడం, జరిగింది, అది క్రియల మూలంగా కాదు, పిలిచేవాని మూలంగా అంటాడు. ముందస్తు నిర్ణయాన్ని కర్మ అనుకుని చదివేవాడు పౌలు వాదాన్ని తలకిందులుగా పట్టుకున్నట్టే.

ఒల్లకపోవడం, చేతకాకపోవడం

రెండో ముడి విప్పే తాళంచెవి మన తెలుగు బైబిల్లోనే ఉంది. యోహాను సువార్త 5:40లో యేసు తన ఎదుట ఉన్నవారితో జీవం కలిగేలా మీరు నా యొద్దకు "రానొల్లరు" అంటాడు. ఒక్క అధ్యాయం దాటి 6:44లో తండ్రి ఆకర్షిస్తేనే తప్ప ఎవడూ నా యొద్దకు "రాలేడు" అంటాడు. ఒల్లడం ఇష్టానికి సంబంధించింది. లేకపోవడం శక్తికి సంబంధించింది. ఒకే నోట, రెండు మాటలు.

వీటిని కలిపేది ఏమిటి? మనం రోజూ వాడే "రాలేను"ని కొంచెం గమనించండి. శుభలేఖ ఇచ్చినవారితో "ఆ రోజు రాలేనండీ" అంటాం. చాలాసార్లు దాని అసలు అర్థం రావాలని లేదని. మర్యాద కోసం ఒల్లకపోవడాన్ని చేతకాకపోవడంగా చెబుతాం. అందులో మర్యాదతో పాటు ఒక సత్యం కూడా ఉంది. కాలు విరిగినవాడు మెట్లెక్కలేడు. పొలం గట్టు దగ్గర తగాదా పడి పదేళ్లు మాట్లాడని తమ్ముడు కూడా అన్న గడప తొక్కలేడు. రెండోవాడి కాళ్లు బాగానే ఉన్నాయి, దారి తెలుసు, తలుపూ తీసే ఉంది. అయినా తొక్కలేడు. వాడి "లేడు" అంతా వాడి "ఒల్లడు"తో తయారైంది. మొదటివాడి మీద ఎవరూ తప్పు పట్టరు. రెండోవాడి మీద ఊరంతా పడుతుంది.

అమెరికా వేదాంతి జోనాథన్ ఎడ్వర్డ్స్ 1754లో ఇచ్ఛా స్వాతంత్ర్యంపై రాసిన గ్రంథంలో ఈ రెండింటినీ సహజ అశక్తత, నైతిక అశక్తత అని విడదీశాడు. మనిషి దేవుని దగ్గరికి రాలేకపోవడం రెండో రకం అని 16వ శతాబ్దపు సంఘ సంస్కర్త జాన్ కాల్విన్ సంప్రదాయం వాదన. బలవంతం ఎక్కడా లేదు. మనిషి తనకు నచ్చినదే చేస్తున్నాడు. నచ్చడమే చెడిపోయింది. కాబట్టి బాధ్యత వాడిదే, బాగుచేయగలిగింది మాత్రం దేవుడే.

దీనికి డచ్ వేదాంతి ఆర్మీనియస్ (1560–1609), ఆ తర్వాత మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ ఇచ్చిన జవాబు మన దగ్గర తరచూ తప్పుగా ప్రచారమవుతుంది. మనిషి తన సొంత బలంతో దేవుణ్ని ఎంచుకోగలడని వాళ్లు చెప్పలేదు. అలా చెప్పింది ఐదో శతాబ్దపు పెలాగియస్ పక్షం, దాన్ని 418లో కార్తేజీ సభ కొట్టేసింది. పడిపోయిన మనిషికి చేతకాదనే మాటను ఆర్మీనియస్ పూర్తిగా ఒప్పుకున్నాడు. అయితే దేవుడు అందరికీ ముందుగా ఒక కృపను ఇచ్చి, పోయిన ఆ శక్తిని ఔననడానికీ కాదనడానికీ సరిపడేంత తిరిగి ఇస్తాడని ఆ పక్షం నమ్మకం. వెస్లీ దానిని మనిషి కన్నా ముందు నడిచే కృపగా బోధించాడు. 529లో ఫ్రాన్సులోని ఆరెంజ్ పట్టణంలో కూడిన సంఘ సభ కూడా మొదటి అడుగు దేవునిదేనని తేల్చింది. కాబట్టి కథోలికులు, లూథరన్లు, కాల్విన్ వారు, వెస్లీ వారు నలుగురూ ఇంతవరకు ఒకే గట్టు మీద ఉన్నారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న దగ్గరే విడిపోయారు: ఆ కృపను మనిషి తోసిపుచ్చగలడా?

వాదించుకునేవాళ్లు ముందు తేల్చుకోవలసింది ఇంకొకటుంది. "స్వేచ్ఛ" అంటే ఏమిటి? గుంటూరు మెస్‌లో విస్తట్లో గోంగూర పచ్చడి, కాకరకాయ వేపుడు రెండూ వడ్డించారనుకోండి. కాకర అంటే గిట్టనివాడు ప్రతిసారీ గోంగూరే కలుపుకుంటాడు. వాడు కూర్చోకముందే పందెం కాసి చెప్పొచ్చు. వాడి చెయ్యి ఎవరూ పట్టుకోలేదు కాబట్టి వాడు స్వతంత్రుడే అనేది ఒక నిర్వచనం. అదే నాలుక, అదే ఆకలి, అదే క్షణంలో కాకర కూడా తీసుకోగలిగి ఉంటేనే స్వతంత్రుడు అనేది ఇంకో నిర్వచనం. కాల్విన్ వారు మొదటిది పట్టుకుంటారు, వెస్లీ వారు రెండోది. ఒకే మాటను ఇద్దరూ రెండు అర్థాల్లో వాడుతూ గంటలు గంటలు వాదించుకుంటే తెల్లారినా తెగదు. "మీరు స్వేచ్ఛ అంటున్నది దేన్ని?" అని మొదటి ఐదు నిమిషాల్లో అడిగితే చాలా సమయం మిగులుతుంది.

లూథరన్ల దగ్గర మూడో పద్ధతి ఉంది. కథోలిక పండితుడు ఎరాస్మస్ 1524లో ఇచ్ఛా స్వాతంత్ర్యాన్ని సమర్థిస్తూ రాసినదానికి లూథర్ 1525లో జవాబు రాస్తూ మనిషికి "కింది" వాటిలో ఇష్టం ఉంది, "పై" వాటిలో లేదన్నాడు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 18వ అంశం దీన్నే నెమ్మదైన మాటల్లో చెబుతుంది. లోకవ్యవహారంలో, బుద్ధికి అందే పనుల్లో మనిషికి కొంత స్వాతంత్ర్యం ఉంది, దేవుని ఎదుటి నీతి విషయంలో పరిశుద్ధాత్మ లేకుండా లేదు. మంగళగిరికి బస్సెక్కాలా ఆటో ఎక్కాలా అన్నది మీ ఇష్టమే. ఈ వివాదానికి దానితో పని లేదు.

ముందే తెలిస్తే, ముందే నిర్ణయించినట్టా?

మన ప్రసంగాల్లో బాగా తిరిగే పోలిక ఒకటుంది. రాత్రి జరిగిన మ్యాచ్‌ను పొద్దున హైలైట్స్‌లో చూస్తున్నాం. ఎవరు గెలిచారో మనకు ముందే తెలుసు. మనకు తెలిసినందువల్ల ఆటగాళ్లు ఆడలేదు కదా! అలాగే దేవుడికి ముందే తెలుసు, అంతే.

ఈ పోలికలో సగం సరైంది. తెలియడం వేరు, కారణం కావడం వేరు అన్నంతవరకు ఇది నిలుస్తుంది. రెండో సగం దగ్గర కూలిపోతుంది. మనకు ఫలితం తెలిసింది ఆట అయిపోయింది కాబట్టి. దేవుడు ఆ మైదానాన్నీ ఆటగాళ్లనూ పుట్టించకముందే ఫలితం తెలిసినవాడు. తెలిసి కూడా అదే మైదానాన్ని, అదే ఆటగాళ్లను పుట్టించాడు. కాబట్టి "ముందే తెలుసు అంతే" అని చెప్పి ముందస్తు నిర్ణయం నుంచి తప్పించుకోవడం కుదరదు. ప్రశ్న ఒక మెట్టు వెనక్కి జరిగిందంతే.

రోమా 8:29లో "ముందు ఎరిగెనో" అన్న మాట మీద కూడా ఇదే పేచీ. ఎవరు విశ్వసిస్తారో ముందు చూశాడు, వారిని నిర్ణయించాడు అని ఆర్మీనియస్ పక్షం చదువుతుంది. ఎరిగింది విశ్వాసాన్ని అని వచనంలో లేదు, మనుషులనే ఎరిగాడని ఉంది అని కాల్విన్ పక్షం పట్టుబడుతుంది. ఆమోసు 3:2లో భూమి మీది వంశాలన్నిటిలో మిమ్మల్ని మాత్రమే ఎరిగియున్నాను అని దేవుడు ఇశ్రాయేలుతో అంటాడు. మిగతా జాతుల గురించి ఆయనకు సమాచారం లేదని కాదు కదా. "ఆయన మనకు బాగా ఎరిగినవాడు" అని మనం అనేటప్పుడు కూడా ఆ మాటలో సమాచారం కన్నా బంధమే ఎక్కువ. ఈ ఒక్క అంశంలో కాల్విన్ పక్షం వాదనే బలమైందని మా అభిప్రాయం. అయితే ఆ బంధం దేన్ని బట్టి అని అవతలివారు అడిగితే ఈ వచనం జవాబు చెప్పదు.

జెసూట్ అనే కథోలిక సన్యాస సభకు చెందిన స్పెయిన్ వేదాంతి లూయిస్ దె మొలీనా 1588లో ఇంకో దారి చూపించాడు. ఏది జరగగలదో, ఏది జరగబోతోందో మాత్రమే కాదు, ఏ పరిస్థితిలో ఏ మనిషి తన ఇష్టంతో ఏం చేసి ఉండేవాడో కూడా దేవుడికి తెలుసన్నాడు. ఆ పక్షం ఎక్కువగా చూపించేది 1 సమూయేలు 23లోని కెయీలా కథ. సౌలు దిగి వస్తాడా అని దావీదు అడిగాడు. వస్తాడని జవాబు. కెయీలా జనం నన్ను అప్పగిస్తారా? అప్పగిస్తారు. దావీదు తన సుమారు 600 మందితో ఊరు వదిలేశాడు. సౌలు రానూ లేదు, వాళ్లు అప్పగించనూ లేదు. జరగని సంగతి, జరిగి ఉండేదన్న సంగతి దేవుడికి తెలుసు! ఇలాంటి జ్ఞానంతో దేవుడు పరిస్థితులను ఏర్పాటు చేస్తే మనిషి ఇష్టం చెడదు, దేవుని సంకల్పం తప్పదు అంటాడు మొలీనా. మరో కథోలిక సన్యాస సభ అయిన డొమినికన్లు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. రోములో ఏళ్ల తరబడి విచారణ నడిచింది. చివరికి 1607లో పోపు ఐదో పౌలు ఏ పక్షానికీ తీర్పు ఇవ్వకుండా, ఒకరినొకరు తప్పుడు బోధకులు అనుకోవద్దని చెప్పి పంపేశాడు. ఈ చరిత్రలో ఇంత తెలివైన తీర్పు మరొకటి కనిపించదు.

రైలు పోలిక కూడా వింటుంటాం. పినాకినీ ఎక్స్‌ప్రెస్ విజయవాడ నుంచి చెన్నై వెళ్తుందని ముందే నిర్ణయమైంది, ఎక్కాలా వద్దా అన్నది మీ ఇష్టం అని. చెప్పేవారికి తెలుసో లేదో గానీ, ఇది ఒక ప్రత్యేకమైన సిద్ధాంతం. దేవుడు ఏర్పరచుకున్నది క్రీస్తును, ఆయనలో ఉండే సంఘాన్ని, ఒక్కొక్క మనిషిని విడిగా కాదు అనేది దాని సారం. ఎఫెసీ 1లో "క్రీస్తులో", "ఆయనయందు" అని పదేపదే రావడం దీనికి బలం. ఎక్కేవాడికి ఎక్కాలన్న బుద్ధి ఎవరు పుట్టించారు అన్న ప్రశ్న మాత్రం ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతుంది.

మన చర్చిలు ఎవరి పక్కన

1842 జులై 31న అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరినప్పటి నుంచి ఈ ప్రాంతంలో లూథరన్ల వేరు లోతుగా దిగింది. ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం 1927లో ఏర్పడింది. లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో విశ్వాస ప్రమాణం మూడో భాగానికి ఇచ్చిన వివరణలో నా సొంత బుద్ధి చేతగానీ శక్తి చేతగానీ నేను క్రీస్తును విశ్వసించలేను, పరిశుద్ధాత్మే నన్ను పిలిచాడు అన్న భావం ఉంటుంది. కన్ఫర్మేషన్ తరగతిలో అప్పగించిన ఆ పాఠం ఈ వివాదంలో ఒక పక్షమని చాలామందికి పెద్దయ్యాక కూడా తెలియదు. లూథరన్ల 1577 నాటి ఏకాభిప్రాయ సూత్రం 11వ అంశం ప్రకారం: రక్షణకు ఏర్పాటు ఉంది, నాశనానికి ఏర్పాటు లేదు. క్రీస్తు అందరి కోసమూ చనిపోయాడు. కృపను తోసిపుచ్చవచ్చు. రక్షణ పొందితే మొత్తం దేవుని పని, నశిస్తే మొత్తం మనిషి తప్పు. ఈ రెంటినీ అతికించే మూడో వాక్యం వాళ్లు కావాలనే రాయలేదు. తర్కం తెలిసినవారికి ఇది చిరాకు తెప్పిస్తుంది. వాక్యం ఆగినచోట ఆగాం అన్నది వారి సమాధానం.

గుణదల మేరీమాత కొండ ఎక్కే కథోలికుల వైపు ట్రెంట్ సభ 1547లో తేల్చింది వేరు. మొదట కదిపేది దేవుడే, కదిపిన తర్వాత మనిషి ఇష్టం ఔనంటూ సహకరిస్తుంది, కావాలంటే కాదనవచ్చు కూడా. విజయవాడ సీఎస్ఐ సంగతి ఇంకా ఆసక్తికరం. 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసినవారిలో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఉన్నారు. అంటే వెస్లీ వారసులూ కాల్విన్ వారసులూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఈ ఒక్క విషయంలో ఒకరు ఓడితేనే కలుస్తామని పట్టుబట్టి ఉంటే ఆ కలయిక జరిగేది కాదు. బాప్టిస్టుల్లో మొదటినుంచీ రెండు పాయలూ ఉన్నాయి. కాల్విన్ పాయకు చెందిన విలియం కేరీయే 1793లో ఇండియాకు వచ్చాడు. "ముందే నిర్ణయమైతే సువార్త ఎందుకు" అనే ప్రశ్నకు ఇంతకన్నా ఇబ్బందికరమైన ఉదాహరణ దొరకదు.

పెంతెకొస్తు కూటాల్లో ఎక్కువగా వినిపించేది వెస్లీ ధోరణే. "ఈ రాత్రే తీర్మానం చేసుకోండి, చేతులెత్తండి" అంటారు. చెయ్యెత్తినవాడు ముందుకు రాగానే అదే మైకులో "దేవుడే నిన్ను ఇక్కడికి రప్పించాడు" అంటారు. రెండు వాక్యాల మధ్య నిండా నిమిషం కూడా ఉండదు.

ఓడ పగిలిన రాత్రి

నిర్ణయం ఉంటే ప్రయత్నం ఎందుకు అన్నదానికి బైబిల్లో అన్నిటికన్నా తేటగా జవాబు చెప్పేది అపొస్తలుల కార్యములు 27. తుపానులో చిక్కిన ఓడలో 276 మంది. ఎవరి ప్రాణానికీ హాని ఉండదు, ఓడ మాత్రమే పోతుంది అని దేవదూత మాటగా పౌలు 22వ వచనంలో చెప్పాడు. అది దేవుడిచ్చిన మాట, తప్పదు. ఆ తర్వాత నావికులు లంగరు వేసే నెపంతో పడవ దించి పారిపోబోయారు. అప్పుడు పౌలు 31వ వచనంలో శతాధిపతితో వీళ్లు ఓడలో ఉంటేనే తప్ప మీరు తప్పించుకోలేరు అన్నాడు. సైనికులు తాళ్లు కోసేశారు.

22 నిజమైతే 31 ఎందుకు? గమ్యం నిర్ణయించినవాడు దారిని కూడా నిర్ణయించాడు కాబట్టి. అందరూ బతకాలన్న సంకల్పంలోనే నావికులు ఆగడం, తాళ్లు కోయడం, తెల్లవారుజామున అందరూ అన్నం తినడం, ఈత వచ్చినవాళ్లు ముందు దూకడం ఉన్నాయి. ప్రార్థన, ప్రకటన, పశ్చాత్తాపం కూడా ఆ తాళ్ల లాంటివే. "దేవుడు ఏర్పరచుకుంటే నేను చర్చికి రాకపోయినా రక్షణ వస్తుంది" అనేవాడు 22 చదివి 31 చింపేసినవాడు. ఆర్మీనియస్ పక్షంవారు ఈ కథలో నిర్ణయం కన్నా ముందుచూపే ఉందని చదువుతారు. ఎలా చదివినా పడవ తాళ్లు కోయక తప్పలేదు.

ఎక్కువగా తప్పు జరిగేచోట్లు

మొదటిది ఫరో. దేవుడే వాడి గుండె రాయి చేసి, దేవుడే శిక్షించాడని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. నిర్గమకాండం వరసగా చదవండి. 4:21లోనూ 7:3లోనూ నేను కఠినపరుస్తాను అని దేవుడు ముందే చెప్పిన మాట వాస్తవం. కానీ తెగుళ్లు మొదలయ్యాక 8:15, 8:32లో కఠినపరచుకున్నది ఫరోయే. మొదటి ఐదు తెగుళ్లు దాటాక, ఆరోదైన దద్దుర్ల దగ్గర, 9:12లో తొలిసారి యెహోవా కఠినపరిచాడని కనిపిస్తుంది. మళ్లీ 9:34లో ఫరో తానే. ఒక పక్షం మొదటి రెండు వచనాలను, ఇంకో పక్షం మధ్యలోవాటిని చదివి ఆపేస్తుంది.

రెండోది, నరకానికి కూడా ముందే ఏర్పాటు ఉందా అనేది. కాల్విన్ ఉందనే అన్నాడు, తన ప్రధాన వేదాంత గ్రంథం "ఇన్‌స్టిట్యూట్స్" 1559 నాటి చివరి కూర్పులో దాన్ని దాచలేదు. ఆరెంజ్ సభ కీడుకు ఏర్పాటు అనడాన్ని శపించింది. రోమా 9లోనే రెండు క్రియలు పక్కపక్కన ఉన్నాయి. 22లో ఉగ్రతా ఘటాలు నాశనానికి "సిద్ధపడి" ఉన్నాయి. 23లో కరుణా ఘటాలు ఆయన ముందుగా "సిద్ధపరచిన"వి. పడటానికీ పరచడానికీ ఉన్న తేడా గ్రీకులో కూడా ఉంది. మొదటి క్రియకు చేసినవాడి పేరు లేదు, రెండోదానికి దేవుడే కర్త. దీన్ని బట్టి రెండు ఏర్పాట్లూ ఒకే తూకంలో లేవని చెప్పడం న్యాయమే.

మూడోది యూదా. లూకా 22:22లో మనుష్యకుమారుడు నిర్ణయింపబడిన ప్రకారం పోతున్నాడు గాని, అప్పగించే ఆ మనిషికి శ్రమ అని ఒకే ఊపిరిలో ఉంది. పేతురు కూడా కార్యములు 2:23లో దేవుని సంకల్పం అని, వెంటనే "మీరు" చంపారు అని అంటాడు. నిర్ణయం ఉందన్న సాకు నేరాన్ని తగ్గించలేదు. నేరం నిర్ణయాన్ని చెడగొట్టలేదు.

నాలుగోది చావు ఇల్లు. రోడ్డు ప్రమాదంలో కుర్రాడు పోతే "దేవుని చిత్తం అమ్మా" అనేస్తారు. వేదాంతులు దేవుడు ఆజ్ఞాపించేది, దేవుడు అనుమతించేది, దేవుడు సంకల్పించేది అని చిత్తాన్ని విడదీసి మాట్లాడటానికి కారణం ఇలాంటి గడపలే. తాగి లారీ నడపడం దేవుని ఆజ్ఞ కాదు, ఆజ్ఞను మీరడం. దాన్ని ఆయన అనుమతించాడని అనవచ్చు, అనుమతి వెనుక సంకల్పం ఉందని కూడా కొందరంటారు. కానీ ఆ మాట ఆ గంటలో తల్లి చెవిన వేసేది కాదు. యోబు స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు నోరు మూసుకుని కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు.

నేను ఏర్పరచబడ్డానా?

వాదనంతా అయ్యాక ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఇది. మనసు ఒకలా లేనివారు ఈ సిద్ధాంతం విన్నాక నిద్రపోలేకపోవడం కొత్తేమీ కాదు. జాబితాలో నా పేరుందో లేదో ఎలా తెలుస్తుంది?

జాబితా చూడాలని ప్రయత్నించడమే పొరపాటు అని కాల్విన్ కూడా అంటాడు. దేవుని రహస్య సంకల్పంలోకి తొంగిచూసేవాడు లోతు తెలియని నీళ్లలో దిగినవాడు, నీ ఏర్పాటును చూసుకునే అద్దం క్రీస్తే అన్నాడు. లూథరన్ పాస్టరు ఈ ప్రశ్నకు నీ బాప్తిస్మాన్నీ ప్రభురాత్రి భోజనాన్నీ చూపిస్తాడు. "మీ కొరకు" అని నీ చేతిలో పెట్టి ఇచ్చినదాన్ని వదిలి ఆకాశంలో వెతకొద్దంటాడు. వెస్లీ వారు రోమా 8:16 తీసి, మనం దేవుని పిల్లలమని ఆత్మే మన ఆత్మతో సాక్ష్యమిస్తుందంటారు. రేపు జారిపోవచ్చు, కాబట్టి మెలకువగా ఉండు అని కూడా కలుపుతారు. ట్రెంట్ సభ ఆరో సమావేశం 12వ అధ్యాయం ఇంకా కటువు: ప్రత్యేక ప్రత్యక్షత ఉంటే తప్ప, తాను ఏర్పరచబడినవారిలో ఉన్నానని ఎవరూ నిస్సందేహంగా చెప్పుకోకూడదు. అందుకే కథోలిక బోధ నిశ్చయం కన్నా నిరీక్షణ అనే మాటకు ఎక్కువ చోటిస్తుంది.

అడిగినవారు ఏ సంఘం నుంచి వచ్చారో ముందు కనుక్కుని జవాబివ్వడం మంచిది. లూథరన్ ఇంట పుట్టి పెంతెకొస్తు కూటానికి వెళ్తున్న అమ్మాయికి ట్రెంట్ అధ్యాయం చదివి వినిపిస్తే ఆ రాత్రి కూడా నిద్ర పట్టదు. 2 పేతురు 1:10 మాత్రం ఎవరికైనా చదవొచ్చు. పిలుపునూ ఏర్పాటునూ నిశ్చయం చేసుకోవడానికి మరి జాగ్రత్తపడండి అంటుంది. ఎలా అన్నది దానికి ఐదు వచనాల పైన మొదలవుతుంది: విశ్వాసానికి సద్గుణం, సద్గుణానికి జ్ఞానం, జ్ఞానానికి ఆశానిగ్రహం, ఇలా ఒక్కొక్కటే అమర్చుకుంటూ వెళ్తుంది. ఆ వరసలో పరలోకపు జాబితా తెరిచి చూడటం ఎక్కడా లేదు.